వేట సంచి: ఎంపిక, సర్దుబాటు – పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో కొన్ని, వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినవే అయినా, ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. అది అడవికో వేటకో పక్షుల్ని చూడటానికో భుజాన వేసుకుని వెళ్లే సంచి. అందువల్ల వాటన్నింటినీ ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము. అందరూ ముందుగా అడుగుతున్నది ఏ సంచి కొనాలని. మేము మాత్రం తీసుకువెళ్లదలచిన సామాను అంతా మొదట చాప మీద పరచి, అందులో అక్కరలేనిది తీసివేసి, మిగిలినదాన్ని తూకం వేసిన తరువాతనే సంచి కోసం దుకాణానికి వెళ్లమంటాము. ముందే పెద్ద సంచి కొన్నవారు దానిని నింపకుండా ఉండలేరు.

ప్రశ్న: మా తాతగారు వాడిన వేట సంచి అటక మీద దొరికింది. మందపాటి కాన్వాసు గుడ్డ, తోలు పట్టీ, పైన తూటాలు గుచ్చుకునే వరుస, పక్కన పిట్టలను వేలాడదీసే తాళ్లు ఉన్నాయి. సంక్రాంతి సెలవులకు మా అన్నదమ్ముల పిల్లలమంతా ఉదయగిరి దుర్గం ఎక్కి, వీలైతే వెలికొండ అడవిలోకి కూడా వెళ్లాలనుకుంటున్నాము. మాలో ఒకరిద్దరు, కుందేలో కౌజో దొరక్కపోదని ఆశపడుతున్నారు. ఆ సంచిని ఎలా బాగు చేసుకోవాలి, ఏమేమి సర్దుకోవాలి?
– ఒక పాఠకుడు, ఉదయగిరి

జవాబు: సంచిని బాగు చేసుకోవచ్చు, దుర్గమూ ఎక్కవచ్చు. కుందేలు, కౌజు ఆశను మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అమలులోకి వచ్చిన నాటినుంచి మీ తాతగారి తరం వేట క్రమంగా కాలగర్భంలో కలిసిపోయింది. ఆ చట్టంలో వేట అంటే తుపాకి పేల్చడం ఒక్కటే కాదు; ఉచ్చు పన్నడం, వల వేయడం, ఎర పెట్టడం, తరమడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం, పక్షుల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడం కూడా వేటే. అభయారణ్యంలో వేటాడినవారికి 3 సంవత్సరాలకు తగ్గకుండా 7 సంవత్సరాల వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి. పంటను పాడుచేసే అడవి పందుల విషయంలో కూడా అధికారం ఉన్న అటవీ అధికారి వ్రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప రైతు తనంతట తాను వేటాడటానికి వీలులేదు. అడవిలోనే తరతరాలుగా బ్రతుకుతున్న చెంచులకు, ఇతర గిరిజనులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఎన్నో సంప్రదాయ హక్కులను గుర్తించినా, వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. పండుగ సెలవులకు వచ్చే మనకు వేరే నియమం ఉండదు.

ఇప్పుడు సంచి సంగతి. దానిని ఇంటి వెలుపల ఎండలో గుడ్డ పరచి పూర్తిగా తిరగవేయండి, ప్రతి అరలోనూ వేలు పెట్టి చూడండి. పాత వేట సంచుల అట్టడుగున, అస్తరు చిరిగిన చోట, ఒక్కోసారి తూటాలు ఉండిపోతాయి. అటువంటిది కనిపిస్తే దానిని కొట్టడం, విప్పడం, నిప్పు దగ్గర పెట్టడం చేయక పోలీసు స్టేషనుకు తెలియజేయండి. ముళ్లపంది ముళ్లు, పులిగోరు, తోలు ముక్క వంటివి ఉంటే వాటిని ముచ్చటగా మళ్లీ సంచిలోనే ఉంచుకోకండి. వన్యప్రాణి శరీర భాగాలను దగ్గర ఉంచుకోవడం కూడా నేరం కిందికి వస్తుంది కనుక, అటవీ రేంజి కార్యాలయంలో చూపి వారు చెప్పినట్లు చేయడం మంచిది. మన వెలికొండల మీద ఎర్రచందనం పెరుగుతుంది, అందువల్ల చెక్‌పోస్టుల దగ్గర తనిఖీలు ఉంటాయి; వాహనాన్ని ఆపి, సంచి విప్పించి చూసే అధికారాన్ని చట్టంలోని 50వ సెక్షను అధికారులకు ఇచ్చింది. ఆ సంచి మీ భుజాన ఉన్నంతసేపు అందులో ఉన్న ప్రతి వస్తువుకూ జవాబు చెప్పవలసినవారు మీరే, మీ తాతగారు కారు.

కాన్వాసు గుడ్డకు ఒక గొప్ప గుణం ఉంది: ముళ్ల పొదలకు రాసుకున్నా చిరగదు, కదిలినప్పుడు చప్పుడు చేయదు. నేటి నైలాను సంచులు చాలావరకు కొమ్మ తగిలితే చాలు గరగరమంటాయి. అయితే నూలు కాన్వాసు తడిస్తే నీటిని పీల్చుకుని బరువెక్కుతుంది, ఆరడానికి రెండు రోజులు పడుతుంది, ఆరకుండా మడిచి పెడితే బూజు పట్టి దారం చివికిపోతుంది. కుట్లను గట్టిగా లాగి చూడండి. గుడ్డ బాగున్నా దారం తెగితే చెప్పులు కుట్టేవారి దగ్గర మైనం పట్టించిన నైలాను దారంతో కుట్టించుకోండి. తోలు పట్టీకి పల్చగా ఆముదం రాసి ఒక రాత్రి ఉంచి, మెత్తని గుడ్డతో తుడిచివేస్తే ఎండి పగిలిన తోలు కొంత మెత్తబడుతుంది. మరీ లోతుగా పగిలి ఉంటే దాని మీద మమకారం పెట్టుకోక కొత్త పట్టీ వేయించండి, ఎందుకంటే కొండ దిగేటప్పుడు పట్టీ తెగితే పడేది సంచి ఒక్కటే కాదు.

ఇంత చేసినా, ఒంటి భుజం సంచితో దుర్గం ఎక్కవద్దనే మా సలహా. మూడు నాలుగు కిలోలు దాటిన బరువు ఒక భుజం మీదనే ఉంటే మెడ లాగుతుంది, రాళ్ల మీద అడుగు తూలుతుంది, పైగా వంగినప్పుడల్లా సంచి ముందుకు జారి చేతికి అడ్డం వస్తుంది. రెండు భుజాల సంచిని నీళ్లకూ తిండికీ పెట్టుకుని, తాతగారి సంచిలో టోపి, చిన్న టార్చిలైటు, నోటు పుస్తకం, బైనాక్యులర్సు మాత్రం వేసుకోండి. తూటాల వరుసలో పెన్నులు, పెన్సిలు సరిగ్గా సరిపోతాయి.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు టెక్సాస్‌లో ఉంటారు. నవంబరులో నేను అక్కడికి వెళుతున్నాను. అల్లుడు తన మిత్రులతో ఏటా జింకల వేటకు వెళతాడట, ఈసారి నన్నూ రమ్మంటున్నాడు. 'సంచి మీరే సర్దుకురండి మామయ్యా' అన్నాడు. ఇక్కడ కొనుక్కుని వెళ్లాలా, అక్కడ కొనాలా? ఎంత పెద్దది, ఎటువంటిది? అందులో ఏమి ఉండాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, ఒంగోలు

జవాబు: అక్కడ కొనండి, వాడిన తరువాత అక్కడే వదిలి రండి. ఈ రెండు మాటలకూ కారణాలు ఉన్నాయి, కొంచెం వివరంగానే చెబుతాము.

మొదట, మీరు తుపాకి పట్టుకుంటారా, పక్కన కూర్చుని చూస్తారా అన్నది తేల్చుకోండి, ఎందుకంటే సంచిలోకి వెళ్లే వస్తువులు దానినిబట్టే మారతాయి. సందర్శక వీసా మీద అమెరికా వెళ్లినవారు తుపాకిని, తూటాలను దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి కేంద్ర చట్టం నిషేధిస్తుంది; చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు టెక్సాస్‌లో వేటాడాలంటే వేట శిక్షణ పాఠం కూడా పూర్తిచేసి ఉండాలి. మీరు విశ్రాంత ఉద్యోగులు కనుక ఆ తేదీకి ముందే పుట్టి ఉంటారు, ఆ నిబంధన మీకు తగలకపోవచ్చు. అయినా మొదటిసారికి తుపాకి జోలికి పోకుండా ఊరికే చూడటమే హాయి అని మా అభిప్రాయం. ఇక ముందు చెప్పబోయేదంతా ఆ ఉద్దేశంతోనే.

తెల్లతోక జింకల వేటలో నడక కంటే కూర్చోవడమే ఎక్కువ. టెక్సాస్‌లో భూమి అత్యధిక భాగం ప్రైవేటు యజమానులది. వారి పొలాలలో, పొదల అంచున, మన మంచె వంటి ఎత్తైన మాటు గదులు ఉంటాయి. తెల్లవారకముందే చీకటిలో అందులోకి ఎక్కి, ఎండ పొడిచేదాకా కదలకుండా కూర్చోవాలి. నవంబరు తెల్లవారుజామున అక్కడ చలి గట్టిగానే ఉండవచ్చు, మధ్యాహ్నానికి చొక్కా చాలు అనిపించవచ్చు. అందువల్ల మీ సంచిలో అన్నిటికంటే ఎక్కువ చోటు తీసుకునేది ఒంటి మీదినుంచి విప్పిన స్వెట్టరు, కోటు. 25 నుంచి 35 లీటర్ల సంచి దీనికి సరిపోతుంది. మాంసం మోసుకురావడానికి లోహపు చట్రం ఉన్న పెద్ద సంచులను అమ్ముతారు. అవి కొండల్లో మైళ్లకొద్దీ నడిచి వేటాడేవారికి, ఎముకలు తీసిన మాంసాన్ని ముప్పై నలభై కిలోల దాకా వీపున వేసుకుని దిగవలసినవారికి. మాటు గది పక్కదాకా వాహనం వచ్చేచోట అటువంటి దాన్ని కొనడం వట్టి ఖర్చు.

ఇక సంచి గుణాలు. అన్నిటికంటే ముందు చూడవలసినది చప్పుడు. దుకాణంలో సంచిని చెవి దగ్గర పెట్టుకుని గుడ్డను గోటితో గీకి చూడండి. గరగరమంటే పక్కన పెట్టండి. ఉన్ని వలె నూగు ఉన్న మెత్తని పైగుడ్డ వేసినవి వేట కోసమే తయారవుతాయి. మూత దగ్గర అంటుకునే పట్టీ, అదే చర్రుమని విడిపోయే పట్టీ, ఉన్న సంచిని ఎంత బాగున్నా కొనకండి. పావుగంట నిశ్శబ్దంగా కూర్చున్న తరువాత ఆ శబ్దం ఎంత దూరం వెళుతుందో మాటు వేసినవారికి తెలుసు. జిప్పుల లోహపు కొక్కేలకు బదులు చిన్న తాడు ముక్కలు కట్టుకుంటే గలగలలాడవు.

రంగు విషయంలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. జింకల కంటికి ఎరుపు, నారింజ రంగులు మనకు కనిపించినట్లు కనిపించవు, నీలం మాత్రం బాగా తెలుస్తుంది. అందుకనే అమెరికాలో వేటగాళ్లు ఒకరినొకరు చూసుకుని ప్రమాదం తప్పించుకోవడానికి మెరిసే నారింజ రంగు కోటు, టోపి వేసుకుంటారు. మనిషికి అది దూరం నుంచే కనిపిస్తుంది, జింకకు అంతగా కనిపించదు. టెక్సాస్‌లో ప్రభుత్వ వేట భూములలో అది తప్పనిసరి, ప్రైవేటు భూములలో కాదు. తప్పనిసరి కాకపోయినా మీరు ధరించండి, సంచి మీద కూడా ఒక నారింజ గుడ్డ కట్టండి. నీలం రంగు సంచి మాత్రం వద్దు.

వాసన ఇంకా ముఖ్యం. జింక ముక్కు చాలా చురుకైనది, గాలి వాలునుబట్టి మనిషి ఉనికిని చాలా దూరంలోనే పసిగడుతుంది. మన ఇళ్లనుంచి వెళ్లిన సంచులకు ఇంగువ, ఎండుమిరప, ఆవకాయ వాసన ఎంతగా పడుతుందో మనకు తెలియదు, ఎందుకంటే మనం అందులోనే ఉంటాము. అమ్మాయికి తీసుకువెళ్లే పచ్చడి సీసాలు, పొడులు ఈ సంచిలో ఒక్క పూట కూడా పెట్టకండి. కొన్న తరువాత సువాసన లేని సబ్బుతో ఒకసారి ఉతికి, వంటగదికి దూరంగా ఆరవేయండి. మాటు గదిలో తినడానికి పులిహోర పొట్లం పట్టుకెళ్లాలని మీకు అనిపించవచ్చు; వేయించని వేరుశనగపప్పు, ఖర్జూరం, సాదా రొట్టె చాలు అంటాము, అల్లుడి మిత్రుల ముందు అల్లుడి మాట నిలబడాలి కదా.

సర్దే పద్ధతి ఇలా ఉంటే బాగుంటుంది. బరువైనవి, అంటే నీళ్ల సీసా, వేడి టీ ఫ్లాస్కు, వీపుకు ఆనుకునేటట్లు, భుజాల మధ్య ఎత్తులో ఉండాలి. మెత్తనివి అడుగున, లోహపు వస్తువులు ఒకదానికొకటి తగలకుండా తువ్వాలు చుట్టి మధ్యలో పెట్టాలి. నెత్తికి కట్టుకునే లైటు, చేతి తొడుగులు, బైనాక్యులర్సు పైజేబులో, చూడకుండా చేయి పెట్టి తీసుకోగలిగేటట్లు, ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. ముందురోజు రాత్రి గదిలో లైటు ఆర్పి ఒక్కొక్కటే తీసి మళ్లీ పెట్టి చూడండి. తడుముకోవలసి వస్తే చోటు మార్చండి. జింక పడిన తరువాత అవసరమయ్యే కత్తి, రబ్బరు తొడుగులు, మాంసం చుట్టే పలుచని నూలు సంచులు, తాడు అల్లుడి సంచిలో ఉంటాయి, మీరు రెట్టింపు మోయనక్కరలేదు. జింక పడిన వెంటనే దానికి లైసెన్సుతో వచ్చే చీటీ కట్టాలన్నది అక్కడి నియమం కనుక ఆ లైసెన్సు, పెన్ను తడవని కవరులో, అందరికీ తెలిసిన జేబులో ఉండాలని మాత్రం గుర్తు చేయండి. ప్రథమ చికిత్స పెట్టెలో, మామూలు కట్టుగుడ్డలతో పాటు, పొరపాటున తూటా తగిలి చేయో కాలో నుంచి రక్తం ఉధృతంగా కారితే బిగించే పట్టీ ఒకటి ఉండాలి. దాన్ని వాడటం వెళ్లకముందే నేర్చుకోండి. పొదలలో పిడుదులు అంటుకుంటాయి కనుక వాటిని పట్టి లాగే చిన్న శ్రావణం కూడా.

ఇక్కడినుంచి ఏమి తీసుకువెళ్లాలన్న దానికి: పాత అలవాటైన బూట్లు, మందపాటి మేజోళ్లు, మీ మందులు. మందులు, పవర్‌బ్యాంకు విమానంలో చేతి సంచిలో ఉండాలి. లైటరు, అగ్గిపెట్టె ఏ సంచిలోనూ వద్దు. కత్తి వంటిది ఏదైనా ఉంటే చేతి సంచిలో పనికిరాదు. పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసపు పదార్థాలు అమెరికా విమానాశ్రయంలో తీసివేస్తారు, చెప్పకుండా దాస్తే జరిమానా కూడా వేయవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ సంచిని అల్లుడి ఇంట్లోనే ఉంచమనడం ఇందుకు: వేటకు వెళ్లిన సంచి మడతలో ఒక్క తూటా, చివరకు పేలిన తూటా ఖాళీ గొట్టం దొరికినా మన విమానాశ్రయాలలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక ఉండిపోయిందని నిరూపించుకున్నవారిని న్యాయస్థానాలు విడిచిపెట్టిన సందర్భాలు ఉన్నా, అందుకు నెలలు, సంవత్సరాలు తిరగవలసి వస్తుంది. తప్పనిసరిగా తేవాలనుకుంటే అస్తరు సహా తిరగదీసి దులిపి, ఉతికి, రెండవ మనిషి చేత కూడా వెతికించండి. జ్ఞాపకంగా కొమ్ములు, తోలు తెచ్చుకునే ఆలోచన మానుకోండి, ఫోటో చాలు.

ప్రశ్న: నేలపట్టు, పులికాటు పక్షులను చూడటానికి కుటుంబంతో వెళ్లాలనుకుంటున్నాము. కెమెరా, బైనాక్యులర్సు ఉన్నాయి. మా అబ్బాయి బడి సంచి సరిపోతుందా, ప్రత్యేకంగా కొనాలా?
– ఒక గృహిణి, కావలి

జవాబు: బడి సంచి సరిపోతుంది, దానికి రెండు ఏర్పాట్లు చేసుకుంటే. పక్షుల కాలం అక్టోబరు నుంచి మార్చి దాకా అనుకుంటే అందులో మొదటి సగం సరిగ్గా మనకు ఈశాన్య ఋతుపవనాల వానలు పడే కాలం. నెల్లూరు సీమకు అసలు వాన అప్పుడే. సంచి పైన కప్పే వానకవరు గాలికి లేచిపోతుంది, వీపు వైపు నుంచి నీరు లోపలికి దిగుతుంది. అందుకని కవరు ఉన్నా లేకపోయినా, సంచి లోపల మందపాటి ప్లాస్టిక్కు సంచి ఒకటి అస్తరుగా వేసి, కెమెరాను తువ్వాలుతో చుట్టి దానిలో పెట్టి మూతి మెలిపెట్టి కట్టండి. ఆ సంచిని ఇంటికి తిరిగి తెచ్చుకోండి.

రెండవది ఉప్పు. పులికాటు మన దేశంలో చిలికా తరువాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారి సరస్సు మధ్యగా సాగుతుంది, రాజహంసలు ఆ దారి మీదినుంచే కనిపిస్తాయి. ఆ గాలికి లోహపు జిప్పులు పట్టేస్తాయి, కెమెరా అద్దం మీద పొర కడుతుంది. ప్లాస్టిక్కు పళ్ల జిప్పు ఉన్న సంచి మేలు. ఇంటికి రాగానే జిప్పులను మంచినీటితో తడిపి తుడిచి, ఆరిన తరువాత కొవ్వొత్తి మైనం రుద్దండి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం భద్రత ఉన్న ప్రాంతం కనుక ఆ చివర కెమెరా బయటికి తీసే ముందు బోర్డులు చదవండి, డ్రోను అసలే సంచిలో పెట్టవద్దు.

నేలపట్టు 2022లో జిల్లాల విభజన తరువాత తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గాని, కావలి వారికి దారి మారలేదు. అక్కడి చెరువులో, నీటిలో నిలబడే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఆ పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి బలమని చుట్టుపక్కల రైతులు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. గూళ్లను బెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుందని పైన చెప్పాము కదా, కనుక తెలుపు, ఎరుపు, మెరుపు రంగుల సంచి కాక మట్టి రంగుది పట్టుకెళ్లండి. సైనికుల దుస్తుల వంటి చారల గుడ్డతో చేసినవి మాత్రం వద్దు. పక్షులకు దానివల్ల ప్రత్యేకంగా ఒరిగేది లేదు, తనిఖీ దగ్గర మీకు అనవసరపు ప్రశ్నలు ఎదురవుతాయి. పిల్లవాడి సంచికి వేలాడుతున్న బొమ్మలు, గంటలు తీసివేయండి.

ప్రశ్న: మేము నలుగురు ఉపాధ్యాయినులము. భైరవకోన చూసి, ఆ చుట్టుపక్కల కొండలలో ఒక పగలంతా నడవాలని ఉంది. మార్కెట్లో దొరికే సంచులు వేసుకుంటే భుజాలు కోసుకుపోతున్నాయి. సరైన సంచిని ఎలా గుర్తించాలి? ఎంత బరువు మోయవచ్చు?
– ఒక ఉపాధ్యాయిని, కనిగిరి

జవాబు: భుజాలు కోసుకుపోవడానికి కారణం చాలాసార్లు బరువు కాదు, సంచి పొడవు. మెడ ముందుకు వంచితే వెనక చేతికి తగిలే పెద్ద ఎముక నుంచి, నడుముకు ఇరుపక్కల ఉన్న తుంటి ఎముకల పై అంచులను కలిపే గీత వరకు టేపుతో కొలవండి. అది మీ వీపు కొలత. మన దగ్గర అమ్మే సంచులు ఎక్కువగా మగవారి కొలతలకు కుట్టినవి. వీపు పొట్టిగా ఉన్నవారు వాటిని వేసుకుంటే నడుము పట్టీ తుంటి మీద కూర్చోక కిందికి జారుతుంది, బరువంతా భుజాల మీదనే పడుతుంది. స్త్రీల కోసం చేసిన వాటిలో భుజపు పట్టీలు దగ్గరగా, లోపలికి వంపు తిరిగి ఉంటాయి. దుకాణంలో ఖాళీ సంచి వేసుకుని చూడటం వల్ల ప్రయోజనం లేదు. నాలుగైదు కిలోల సామాను అందులో వేయమని అడిగి, ముందుగా నడుము పట్టీ బిగించి, తరువాత భుజపు పట్టీలు లాగి, చివరన ఛాతీ పట్టీ పెట్టి, పది నిమిషాలు మెట్లు ఎక్కి దిగండి.

పగటి నడకకు 20 నుంచి 25 లీటర్ల సంచి చాలు. శరీర బరువులో అయిదవ వంతు దాటకూడదని సాధారణంగా చెబుతారు. అలవాటు లేనివారు మన ఎండలో పదవ వంతు దగ్గరే ఆగాలని మేమంటాము. ఆ బరువులో సగానికి పైగా నీళ్లే ఉంటాయి: లీటరు నీరు కిలో తూగుతుంది, ఒక్కొక్కరికి రోజుకు కనీసం మూడు లీటర్లు కావాలి. ఆ నీటిని ఒకే పెద్ద సీసాలో కాక రెండు మూడింటిలో పంచుకుంటే ఒకటి కారినా మిగిలినవి ఉంటాయి. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, ఒక్కో పొట్లం లీటరు నీటికి. సగం పొట్లం గ్లాసులో కలుపుకుని తాగడం సరైన పద్ధతి కాదు. సద్దికి చింతపండు పులిహోర, అటుకులు, వేరుశనగ ఉండలు బాగా నిలుస్తాయి. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

పాముల మాట తప్పదు. మన కొండలలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగూ ఉన్నాయి. సంచిలో బ్లేడు, గట్టి తాడు పెట్టుకుని కాటు పైన బిగించాలని, కోసి రక్తం పీల్చాలని ఇంకా కొందరు చెబుతున్నారు. రెండూ హాని చేసేవే. కరిచిన చేతిని గాని కాలిని గాని కదలకుండా బద్దకు వదులుగా కట్టి, నడిపించకుండా 108కు ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. పైన ఒంగోలు పాఠకునికి చెప్పిన బిగించే పట్టీ రక్తస్రావానికి మాత్రమేనని, పాము కాటుకు కాదని ప్రత్యేకంగా గమనించండి. అందువల్ల మీ సంచిలో ఉండవలసినవి సాగే కట్టుగుడ్డ, ఈల, టార్చిలైటు, నిండా ఛార్జి చేసిన ఫోను, ఇంటి వద్ద ఒకరికి ఇచ్చిన తిరుగు సమయం చీటీ. చివరిది సంచిలో ఉండదు గాని, సంచి సర్దే వేళలోనే వ్రాయాలి.

భైరవకోనలో రాతిని తొలిచిన 8 శివాలయాలను, జలపాతాన్ని చూడటానికి ఇంత సామాను అక్కరలేదు. ఆ పైన కొండలలోకి వెళ్లదలిస్తే మాత్రం అటవీ శాఖ వారిని ముందుగా అడగండి. అభయారణ్యం పరిధిలోకి అనుమతి లేకుండా ప్రవేశించకూడదు, అక్కడ నిప్పు రాజేయకూడదు, కనుక అగ్గిపెట్టె, కర్పూరం గుడి దగ్గరే ముగించుకోండి. దోర్నాల మీదుగా శ్రీశైలం వైపు కూడా వెళ్లే ఆలోచన ఉంటే, నల్లమల పులుల అభయారణ్యంలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను వదలరని లెక్క వేసుకోండి.

ప్రశ్న: పెంచలకోనలో కోతులు మా సంచిని లాక్కుపోయి చించివేశాయి. వాటి నుంచి కాపాడుకునే సంచి ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, రాపూరు

జవాబు: కోతి చించలేని గుడ్డ సంచి లేదు. అది సంచి కోసం రాదు, లోపలి అరటిపండు కోసం, బయటికి కనిపించే ప్లాస్టిక్కు కవరు కోసం వస్తుంది. తిండిని బిగుతైన స్టీలు డబ్బాలో పెట్టి సంచి మధ్యలో ఉంచండి, కవర్లు చేతిలో పట్టుకోకండి, ఛాతీ పట్టీ బిగించి ఉంచండి, సంచిని నేల మీద పెట్టి పక్కకు వెళ్లకండి. అది పట్టుకుని లాగితే ఎదురు లాగక వదిలివేయండి. కోతి కాటు పడితే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి కుక్క కాటుకు వేసే టీకా వేయించుకోవాలి. చిరిగిన మీ సంచి గుడ్డ మిగిలి ఉంటే, చిరుగుకు లోపలి నుంచి అదే రకం గుడ్డ వేసి రెండు వరుసల కుట్టు వేయించండి, ఇంకా కొన్నేళ్లు వస్తుంది.